అమెరికా పూర్వీకుల అన్వేషణ: భూమి దస్తావేజులు, జనగణన పట్టికలు

అమెరికాలో తొలితరం వలసవాసుల వంశక్రమాన్ని తేల్చడానికి పరిశోధకులకు పెద్ద దిక్కు రెండు రకాల కాగితాలు: కౌంటీ కార్యాలయాల్లోని భూమి దస్తావేజులు, 1790 నుంచి పదేళ్లకోసారి ఫెడరల్ ప్రభుత్వం రాయించిన జనగణన పట్టికలు. వీటిలో దస్తావేజులే పాతవి. వర్జీనియా, మసాచుసెట్స్ వలసల్లో 17వ శతాబ్దం నుంచే భూమి అమ్మకాలు పుస్తకాలకెక్కాయి. ఇంగ్లండులో సామాన్యుడికి సొంత భూమి దొరకడం కష్టం. అమెరికాకు వచ్చిన నేతగాళ్లు, కమ్మరులు కూడా భూమి కొన్నారు. అందుకే పుట్టుక గానీ పెళ్లి గానీ ఎక్కడా నమోదు కాని మనిషి పేరు సైతం దస్తావేజులో కనిపిస్తుంది.

ఆనాటి దస్తావేజుకు ప్రాణం చెక్కుబందీ. తూర్పు తీరంలో, దక్షిణాది వలసల్లో హద్దులను చెట్లతో, వాగులతో, పొరుగువారి పేర్లతో రాసేవారు. తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలుపెట్టి, వాగు వెంబడి ఇన్ని పోల్‌లు నడిచి, ఫలానా వాడి పొలం మూల దాకా అని రాసుకుపోయేవారు. ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు. చెట్టు ఎప్పుడో కూలిపోయినా పొరుగువాడి పేరు కాగితంలో మిగిలింది. ఆ పొరుగువాడు చాలాసార్లు బావమరిదో మామగారో అవుతాడు కాబట్టి, అనుభవమున్న పరిశోధకులు అమ్మినవారి, కొన్నవారి పేర్లతో ఆగకుండా హద్దుల్లోని పేర్లనూ సాక్షుల పేర్లనూ రాసుకుంటారు. భర్త ఆస్తిలో భార్యకు జీవితకాల హక్కు ఉండేది. ఆమె దాన్ని వదులుకుంటేనే కొన్నవాడికి భూమి పూర్తిగా దక్కేది. అందువల్ల అధికారులు ఆమెను భర్తకు ఎడంగా కూర్చోబెట్టి సమ్మతి అడిగేవారు. మరే కాగితంలోనూ లేని స్త్రీల పేర్లు ఈ సమ్మతి పత్రాల వల్లే మనకు తెలిశాయి.

దీనికి చక్కటి ఉదాహరణ అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వంశం. తన తాత వర్జీనియా నుంచి కెంటకీకి వచ్చాడనీ, అంతకుముందు వారిది పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీ అనీ మాత్రమే లింకన్‌కు తెలుసు. ఆయన మరణం తర్వాత పరిశోధకులు పట్టుకున్న తీగ ఒక అమ్మకపు దస్తావేజు. 1748లో పెన్సిల్వేనియాకు చెందిన జాన్ లింకన్ అనే నేతగాడు, తాను మొర్డెకై లింకన్ కొడుకుననీ వారసుడిననీ చెప్పుకుంటూ న్యూజెర్సీలోని 300 ఎకరాలు అమ్మాడు. ఆ ఒక్క వాక్యంతో పెన్సిల్వేనియా, న్యూజెర్సీ శాఖలు కలిశాయి. అక్కడి నుంచి వంశం 1637లో మసాచుసెట్స్ చేరిన శామ్యూల్ లింకన్ దాకా వెళ్లింది. జాన్ 1768లో వర్జీనియాలోని లిన్‌విల్ క్రీక్‌కు మారాడు. అతని కొడుకు, అంటే అధ్యక్షుడి తాత, 1780లో అక్కడి పొలం అమ్మిన దస్తావేజులో భార్య పేరు బత్‌షీబా అని ఉంది. ఆ నాయనమ్మ ఎవరన్న వివాదంలో ఇదే గట్టి ఆధారమైంది.

కెంటకీలో ఒకరి సర్వే మీద మరొకరి సర్వే పడి భూమి తగాదాలు ముదిరాయి. లింకన్ తండ్రి థామస్ 1816లో ఇండియానాకు తరలిపోవడానికి హక్కు కాగితాల చిక్కే ముఖ్య కారణమని కొడుకే రాశాడు. ఇండియానా భూములను ప్రభుత్వం ముందే కొలిపించింది. 1785 చట్టం ప్రకారం ఆరు మైళ్ల చదరాలుగా, ఒక్కో చదరాన్ని 640 ఎకరాల చొప్పున 36 ముక్కలుగా విభజించడంతో అక్కడ పట్టాలను వెతకడం తేలికైంది.

జనగణన కథ వేరు. 1790 నుంచి 1840 వరకు పట్టికల్లో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది; మిగతావారంతా వయసుల వారీగా అంకెలే. ఇంట్లో అందరి పేర్లూ రాసింది 1850లో, అదీ స్వతంత్రులవి మాత్రమే. యజమానితో బంధుత్వం 1880లో వచ్చి చేరింది. 1890 పట్టికల్లో అధికభాగం 1921 నాటి వాషింగ్టన్ అగ్నిప్రమాదంతో పోయింది. దానివల్ల 1880 తర్వాత ఏర్పడిన ఇరవై ఏళ్ల ఖాళీని ఇప్పటికీ దస్తావేజులతో, పన్ను జాబితాలతో పూడ్చుకోవాల్సిందే.

బానిసత్వంలో మగ్గిన కుటుంబాలకు ఈ రెండు ఆధారాలూ గుండెకోతే. 1850, 1860 బానిస పట్టికల్లో యజమాని పేరు కింద బానిసల వయసు, లింగం, రంగు రాశారు తప్ప దాదాపు ఎక్కడా పేర్లు లేవు. విముక్తులైన వారందరూ పేర్లతో కనిపించిన తొలి ఫెడరల్ జనగణన 1870దే. అంతకు ముందు మనిషిని వెతకాలంటే అతణ్ణి ఆస్తిగా రాసుకున్న దస్తావేజుల్లోనే వెతకాలి. రచయిత అలెక్స్ హేలీ నార్త్ కరోలినాలోని అలమాన్స్ కౌంటీ 1870 పట్టికలో తన పూర్వీకుడైన కమ్మరి టామ్ మర్రీ కుటుంబాన్ని చూశాడు. వర్జీనియాలో 1768 నాటి దస్తావేజులో టోబీ అనే బానిస పేరు చూసి, 1767లో ఓడలో వచ్చిన తన మూలపురుషుడు కుంటా కింటే ఇతడేనన్నాడు. ఆయన పుస్తకం ‘రూట్స్’ 1976లో వెలువడింది. తర్వాత గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ దంపతులు పాత కాగితాలు తిరగేసి, ఆ టోబీ ఓడ రాకముందే అక్కడ ఉన్నాడని చూపారు. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. తేదీ, ఊరు, పొరుగు, బంధుత్వం కూడా కలవాలి. ‘రూట్స్’ చదివి లక్షలాది మంది తమ వేర్లు వెతుక్కున్నారన్న మాటా అంతే నిజం.

అమెరికాలో జనగణన పట్టికలను 72 ఏళ్లు గోప్యంగా ఉంచుతారు. 1950 పట్టికలు 2022 ఏప్రిల్ 1న తెరిచారు. 1960వి 2032లో అందుబాటులోకి వస్తాయి.