రేడియో వడ్లు

ఒక వరి వంగడమునకు రైతులు రేడియో పేరు పెట్టిన వృత్తాంతమును పాఠకులకు మనవి చేయుచున్నాము. తమిళనాట అడుతురై పరిశోధన కేంద్రము జపాను దేశపు నోరిన్-10ను, కోయంబత్తూరున వెలువడిన జి.ఇ.బి.-24ను సంకరపరచి ఏ.డి.టి.-27 అను వంగడమును రూపొందించినది. సుమారు 105 దినములలో చేతికి వచ్చుటచే, కురువై అను తొలి పంట కోసి అదే మడిలో రెండవ పంట వేయుటకు వ్యవధి చిక్కెను. 1960 దశాబ్ది నడుమ ఆకాశవాణి తిరుచిరాపల్లి కేంద్రము దీనినిగూర్చి ప్రచారము సేయగా, తంజావూరు రైతులు ‘రేడియో వడ్లు’ అని పేరిడిరి.

ఈ పేరు విన్నచో రేడియోలో పనిచేయు మాకు గర్వము కలుగుట సహజము. కాని రెండెకరముల రైతునకు విత్తనము తప్పినచో ఏడాది తిండి తప్పును. విన్న మాటను పొరుగు చేనిలో సరిచూచుకొననిదే అట్టివాడు నారు పోయడు. పైగా కురువై కోతలు వానలలో పడుటచే తడిసిన ధాన్యము నారబెట్టుట పెద్ద చిక్కయ్యెను. ఆ బరువు మోసినదియు రైతే. మేము వార్తను చేరవేసితిమి. పేరు మాకు దక్కినను, పంట ఆతనిదే.