చిరునామాలో సంస్థ స్వరూపం: విశ్వవిద్యాలయ వెబ్‌సైట్లలో శాఖల పేజీలు, వ్యక్తుల పేజీలు

విశ్వవిద్యాలయం వంటి పెద్ద సంస్థ వెబ్‌సైట్‌లో ఏ పేజీ ఎక్కడ ఉండాలన్నది పైకి సాంకేతిక విషయంగా కనిపించినా, గత మూడు దశాబ్దాల చరిత్రను పరిశీలిస్తే అది ప్రధానంగా పరిపాలనకు సంబంధించిన ప్రశ్నేనని తేలుతుంది. అమెరికా విశ్వవిద్యాలయాలు పేజీలను మొదట యంత్రం పేరు కింద, తర్వాత మనిషి పేరు కింద, ఆపైన చేసే పని పేరు కింద అమర్చాయి. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నారన్న దాన్ని బట్టే పేజీ బాధ్యత ఎవరిదో, దాని ఆయుష్షు ఎంతో నిర్ణయమైంది.

మొదటి పద్ధతికి పునాది వెబ్ కంటే ముందే పడింది. ఒకప్పుడు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే కేంద్రంలో, ఒకే జాబితాలో నమోదయ్యేవి. ఆ భారం మోయలేనిది కావడంతో 1983లో పాల్ మొకాపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్‌ను, అంటే పేర్లు పెట్టే అధికారాన్ని అంచెలంచెలుగా పంచే ఏర్పాటును రూపొందించాడు. దానితో సంస్థ పేరు కింద శాఖలు తమ యంత్రాలకు తామే పేర్లు పెట్టుకోగలిగాయి. 1991 డిసెంబరులో ఐరోపా వెలుపల తొలి వెబ్ సర్వర్ స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రంలో మొదలైంది. 1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తయారుచేసిన యాహూ జాబితా కూడా స్టాన్‌ఫర్డ్ చిరునామాలోనే, అకెబోనో అనే సుమో మల్లుడి పేరు పెట్టిన విద్యార్థి కంప్యూటర్ మీద నడిచింది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ (ఎంఐటీ)లో 1993లో విద్యార్థుల కంప్యూటింగ్ సంఘమే ముందుగా సర్వర్ నెలకొల్పి 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ'తో మొదలయ్యే చిరునామాను తీసుకోగా, సంస్థ తన అధికారిక సైట్‌కు 'వెబ్' అన్న పేరుతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

వ్యక్తుల పేజీలకు దారి యూనిక్స్ వ్యవస్థలో ఉంది. అందులో ప్రతి వినియోగదారునికీ సొంత ఫైళ్లు దాచుకునే చోటును హోమ్ డైరెక్టరీ అంటారు. 1970ల చివర బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్ అనే ఆదేశాల ప్రోగ్రాములో దానికి టిల్డే (~) గుర్తుగా నిలిచింది, ఎందుకంటే అప్పటి ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో టిల్డే, హోమ్ ఒకే మీట మీద ఉండేవి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో రాబ్ మెక్‌కూల్ రాసిన వెబ్ సర్వర్ ఈ గుర్తును వెబ్ చిరునామాలకు తెచ్చింది; 1995లో దాని నుంచి పుట్టిన అపాచీ కొనసాగించింది. అధ్యాపకుడో విద్యార్థో తన హోమ్ డైరెక్టరీలో 'పబ్లిక్_హెచ్‌టీఎంఎల్' అనే ఫోల్డర్ తెరిచి, అందులో ఇండెక్స్ ఫైలు పెట్టి, ఆ ఫైలు చదవడానికీ, హోమ్ డైరెక్టరీ గుండా లోపలికి రావడానికీ ఇతరులకు అనుమతి ఇస్తే చాలు, టిల్డే పక్కన లాగిన్ పేరుతో పేజీ సిద్ధమయ్యేది. రెండో అనుమతి మరిస్తే పాఠకునికి ప్రవేశం లేదన్న సందేశమే కనిపించేది. పేజీ పేజీకీ పై అధికారి ఆమోదం అక్కర్లేకపోవడం వల్ల పాఠ్యాంశాలు, పరిశోధన పత్రాలు, ప్రోగ్రాములు విరివిగా వెలువడ్డాయి. అయితే ఖాతా మూసిన నాడు అవన్నీ దానితోపాటే పోయేవి.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి పనికివచ్చిన సాధనం ఆండ్రూ ఫైల్ సిస్టమ్. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఐబీఎం కలిసి రూపొందించిన ఈ వ్యవస్థలో క్యాంపస్‌లోని ఏ యంత్రం నుంచైనా ఒకే ఫైళ్లు అందుతాయి, ఒక్కో ఫోల్డర్‌కు ఎవరు రాయవచ్చో పేరుపేరునా నిర్ణయించవచ్చు. ఎంఐటీలో మనిషికీ, కోర్సుకూ, సంఘానికీ 'లాకర్' పేరుతో విడివిడిగా చోటు కేటాయించారు; స్టాన్‌ఫర్డ్‌లో శాఖలకు, బృందాలకు, తరగతులకు వేర్వేరు విభాగాలు పెట్టి, వ్యక్తులకు టిల్డేను అట్టే ఉంచారు. వేల ఖాతాలు ఒకే ఫోల్డర్‌లో కిక్కిరిసిపోకుండా రెండు చోట్లా లాగిన్ పేరులోని మొదటి రెండు అక్షరాల ప్రకారం పంచారు. శాఖ ఫోల్డర్‌లో రాసే హక్కు పలువురికి ఉండడంతో, ఒకరు వెళ్లిపోయినా పేజీ నిలిచే వీలు కలిగింది.

1998లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ చిరునామాలు మారకూడదని వాదిస్తూ రాసిన వ్యాసంలో రచయిత పేరు, విషయం, పత్రం ప్రస్తుత స్థితి వంటి మారిపోయేవాటిని చిరునామాలో ఇరికించవద్దని సూచించాడు. 2001లో వెలువడిన డ్రూపల్ వంటి కంటెంట్ నిర్వహణ వ్యవస్థలు పేజీలను డేటాబేస్‌లో ఉంచి, చిరునామాను ఫైలు ఉండే చోటు నుంచి విడదీశాయి. ఎవరు రాయాలి, ఎవరు ప్రచురించాలి అన్నది పాత్రల వారీగా నిర్ణయమైంది. అధ్యాపకుల పేజీలు ఒకే మూసలో ఒదిగి, తాజాగా ఉంచడం సులువైనా, టిల్డే పేజీలకున్న స్వేచ్ఛ తగ్గింది.

భారతదేశంలో 1986లో మొదలైన ఎర్నెట్ విద్యాసంస్థలను నెట్‌వర్క్‌తో కలిపింది. 1998లో ఏర్పడిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కూడా అధ్యాపకులు, విద్యార్థులు టిల్డే చిరునామాలలో పేజీలు పెట్టుకున్నారు. సంస్థ ఏదైనా ఈ చరిత్ర చూపేది ఒక్కటే: పేజీ దేనికి సంబంధించినదో దాని పేరు మీదే ఉండాలి. వ్యక్తి పరిచయం వ్యక్తి పేరున, కోర్సు పాఠాలు కోర్సు పేరున, ప్రవేశాల నిబంధనలు కార్యాలయం పేరున ఉన్నచోట ఉద్యోగులు మారినా సమాచారం నిలుస్తుంది. అలా కాక వీలైనచోటల్లా పెట్టుకుంటూ పోతే, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ కొన్నా కొన్నాళ్లకు మళ్లీ మొదటి నుంచి సర్దుకోక తప్పదు.