చెరువుకు కాపలా ఉన్న పాట

అనంతపురం వాణ్ణని చెప్పగానే అవతలివారి ముఖంలో కాస్త జాలి కనబడుతుంది. ఒకసారి కోస్తా జిల్లాలో పెళ్లికి వెళ్లాను. పంక్తిలో పక్కన కూర్చొన్న పెద్దాయన వడ్డించే కుర్రాణ్ణి పిలిచి, "ఈయనకు ఇంకో గ్లాసు నీళ్లు పొయ్యవయ్యా, అనంతపురం నుంచి వచ్చారు" అన్నారు. నేనూ నవ్వి తాగేశాను. కాదనడానికేముంది? నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొని ఖాళీ చేతులతో వస్తాయి. ఈశాన్య మేఘాలు మాదాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే మాకదే పదివేలు.

అయితే ఆ పెద్దాయనకు నేను చెప్పని సంగతి ఒకటున్నది. నీళ్లకు మొహంవాచిన మా వూరికి పేరు పెట్టింది ఒక చెరువు! పద్నాలుగో శతాబ్దంలో, విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి పెద్ద చెరువు చేయించాడని చెబుతారు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే అనంతపురం అయింది. సముద్రమట, సాగరమట! రాళ్లనేల మీద నిలబడి అంతంత పేర్లు పెట్టుకొన్న వాళ్ల ధీమా చూడండి.

ఈ చరిత్ర నాకు మొదట పుస్తకంలో దొరకలేదు, మా జేజి దగ్గర దొరికింది. ఆమెకు చదువు రాదు. రాగులు విసురుతూ ముసలమ్మ కథ పాడేది. పేరుకే ముసలమ్మ గాని వయసుకు పడుచుపిల్ల, బసిరెడ్డి గారింటి చిన్న కోడలు. ఒక ఏడు వానలు దంచి కొట్టాయి. చెరువు నిండి కట్ట తెగేట్టున్నది. ఊరు ఊరంతా మట్టి వేసినా నిలవలేదు. బసిరెడ్డి చిన్న కోడల్ని బలి ఇస్తే గాని కట్ట నిలవదని గ్రామదేవత పలికింది. ఆ పిల్ల అత్తమామలకు మొక్కి, బిడ్డను అప్పగించి, గండిలోకి నడిచి వెళ్లింది. కట్ట నిలిచింది. ఆ చోటు ఈనాటికీ ముసలమ్మ కట్టే.

అక్కడికి వచ్చేసరికి జేజి గొంతు దిగేది, విసుర్రాయి ఆగేది. "దేవతకు అంత కోపమెందుకు వచ్చింది జేజీ?" అని అడిగాను ఒకసారి. జేజి చెంగుతో కళ్లు తుడుచుకొని, "దేవతకు కోపం యాడిదిరా? కట్ట వదులై ఉండాది. కాలానికి మట్టెయ్యాల్సినోళ్లు ఎయ్యలేదు. తప్పు ఊరందరిది, ఉసురు ఆ పిల్లది" అన్నది.

పెద్దయ్యాక పుస్తకాలు తిరగేశాను. సి.పి. బ్రౌన్ దొర 1853లో అనంతపురం చరిత్రను అచ్చు వేయించాడు. అందులోని ముసలమ్మ కథను తీసుకొని, ఇంకా ఇరవయ్యేళ్లయినా నిండని చిత్తూరు జిల్లా విద్యార్థి ఒకాయన 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో జరిగిన పోటీకి కావ్యం రాశాడు. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి. ఆ కావ్యమే "ముసలమ్మ మరణము". రాజులూ దేవతలూ కాక, పల్లెటూరి కాపు కోడలు కావ్యనాయిక కావడం, కథ విషాదంతో ముగియడం ఆనాటికి కొత్త. ఆధునిక కవిత్వానికి దాన్ని తొలి మెట్టుగా లెక్కించేవాళ్లున్నారు. అంటే మా చెరువు కట్ట పొలాలకు నీళ్లే కాదు, తెలుగు సాహిత్యానికి కొత్త దారి కూడా ఇచ్చిందన్నమాట.

చెరువుల శాస్త్రం మనవాళ్లకు తెలియక కాదు. పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉన్నది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరసగా చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. చవిటి నేల ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం మరొకటి! నేటి ఇంజనీర్లు కూడా కాదనలేని మాటలు. కాని ఆ శాసనం సంస్కృతంలో ఉన్నది. గంప నెత్తిన పెట్టుకొన్నవాడు దాన్ని చదవలేడు. వాడికి పాటే శాసనం. కట్టను ఏమరితే ఇంట్లో దీపం ఆరిపోతుందని ఆ పాట ఏటేటా గుర్తు చేసేది.

ఇలాంటి పాట మన ఒక్కరిదే కాదు. సరిహద్దు దాటితే కన్నడిగులకు "కెరెగె హార" ఉన్నది. అక్కడా చిన్న కోడలే, పేరు భాగీరథి. ఎక్కడో యూరపులో, స్కాదర్ కోట గోడ నిలవకపోతే చిన్న తమ్ముడి భార్యను గోడలో పెట్టి కట్టారని సెర్బియా వాళ్లు పాడుకొన్నారు. దేశమేదైనా, ఊరి తప్పును మోసేందుకు ఇంట్లో అందరికంటె చిన్నదే దొరికింది! ఒక్క తేడా మాత్రం నన్ను ఆలోచింపజేస్తుంది. భాగీరథి చెరువులో నీళ్లు పడక ప్రాణమిచ్చింది. ముసలమ్మ నీళ్లు ఆగక ప్రాణమిచ్చింది. మా పీఠభూమికి ఉన్న కష్టాలు ఆ రెండే.

నీళ్లు పడని కష్టానికీ మావాళ్లు కళనే ఆశ్రయించారు. వాన మొహం చాటేస్తే విరాటపర్వం చదివించేవారు, లేదా తోలుబొమ్మలాట ఆడించేవారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ కళాకారుల కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. విరాటపర్వమే ఎందుకంటారా? ధర్మరాజు ఎక్కడ ఉంటాడో అక్కడ మేఘాలు సకాలంలో వర్షిస్తాయని అందులో భీష్ముడు చెబుతాడు. బొమ్మలు ఆడితే వాన పడుతుందో లేదో నేను చెప్పలేను. కాని వాన కోసం ఊరంతా తెల్లవార్లూ ఒకచోట కూర్చొని ధర్మం గురించి వినడం చిన్న విషయం కాదు.

పాట వెనక పని కూడా ఉండేది. తూము తెరిచి మూసేందుకు నీరుగంటి ఉండేవాడు. చెరువు బాగోగులు చూసే షరతు మీద దశబంధం ఈనాములు ఇచ్చేవారు. వేసవిలో పూడిక తీయడానికి రైతులు కలిసి దిగేవారు. దాన్నే కుడిమరామత్తు అనేవారు. ఆ కట్టుబాటు సడలిపోతున్నదనే గదా, 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టం కూడా చేసింది! తరవాత బోర్లు వచ్చాయి, చెరువుతో మనకేం పని అనుకొన్నాం. వాగు దారిలో ఇళ్లు వేశాం.

ఫలితం? 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీల్లో నీళ్లు నిలిచాయి. 2024 అక్టోబరులో పండమేరు ఉప్పొంగి మళ్లీ ఇళ్లు ముంచింది. కరువు జిల్లాలో పడవలు కావలసి వచ్చాయి. ఆ పెళ్లిలో నాకు గ్లాసు నీళ్లు పోయించిన పెద్దాయన ఈ వార్త చదివి ఏమనుకొన్నాడో!

మొన్న ముసలమ్మ కట్టకు వెళ్లాను. కొబ్బరికాయ కొట్టేవాళ్లు కొడుతున్నారు, దండం పెట్టేవాళ్లు పెడుతున్నారు. నాకు జేజి గుర్తుకొచ్చింది. ఆమె ఎప్పుడు వచ్చినా ముందు కట్ట దిగువ నుంచి చెంగులో ఇంత మట్టి తెచ్చి గట్టు మీద పోసేది, తరవాతే దండం. "మట్టెయ్యకుండా మొక్కితే ఆ తల్లి ఒప్పదురా" అనేది. నేనూ వంగి రెండు దోసిళ్లు తీసి పోశాను. పక్కన నిలబడ్డ పిల్లవాడు, "ఏం చేస్తాండారు తాతా?" అని అడిగాడు.

కూర్చోబెట్టి వాడికి కథ చెప్పాను. పాట రాగం నాకు సరిగ్గా రాదు, అయినా పాడాను.