సాన్ మాలో గోడల మీద చెన్నపట్నం

ప్యారిస్‌లో అమ్మాయి దగ్గరున్నప్పుడు ఒక శని, ఆదివారాలు కలిసొస్తే ఫ్రాన్సు వాయవ్య తీరానికి వెళ్ళొచ్చాం. ఫొటోలు అందరూ చూశారు. ఆ కోట ఊరికీ మన చెన్నపట్నానికీ ఉన్న పాత లెక్క మాత్రం ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మొదటి రోజు మోన్ సాన్ మిషెల్. సముద్రంలో ఒక రాతి గుట్ట, దాని మీద మఠం. 708లో ఒబేర్ అనే బిషప్పు అక్కడ చిన్న ప్రార్థనా మందిరం కట్టించాడని చెబుతారు. 966లో బెనడిక్టిన్ సన్యాసులు వచ్చారు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు పద్నాలుగు మీటర్ల దాకా లేస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఏళ్ళ తరబడి ముట్టడించినా దాన్ని పట్టుకోలేకపోయారంటే సగం గొప్ప ఆ పోటుదే. ఫ్రెంచి విప్లవం తరవాత మఠాన్ని 1863 దాకా జైలుగా వాడారు. పైకి సరుకు లాగడానికి ఖైదీలు లోపల నిలబడి నడిచి తిప్పిన పెద్ద చక్రం చూపిస్తారు. నాకు గుడి కన్నా ఆ చక్రమే గుర్తుండిపోయింది.

మర్నాడు సాన్ మాలో. ప్రాకారం మీద ఊరంతా చుట్టి రావచ్చు. ఒక తోటలో సుర్కూఫ్ విగ్రహం సముద్రం వైపు వేలు చూపిస్తూ ఉంటుంది. 1800లో మన బంగాళాఖాతంలోనే ఇంగ్లీషు కుంపిణీ ఓడ 'కెంట్'ను పట్టుకున్న ఓడదొంగ ఆయన. దొంగ అంటే అక్కడివాళ్ళు ఊరుకోరు, ప్రభుత్వం ఇచ్చిన పత్రంతో దోచాడు కదా! బానిసల వ్యాపారం కూడా చేశాడు.

మనకు అంతకన్నా దగ్గరివాడు లా బూర్దొనే. 1699లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. 1746 సెప్టెంబరులో ఓడలతో వచ్చి చెన్నపట్నం కోట పట్టుకున్నాడు. పదకొండు లక్షల వరహాలిస్తే వదిలేస్తానని ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకుంటే, పుదుచ్చేరి గవర్నరు డూప్లే ఒప్పుకోలేదు. ఇద్దరూ కొట్లాడుకుంటుండగా అక్టోబరు తుపాను ఈయన ఓడల్ని ముంచింది. తిరిగి ఫ్రాన్సు వెళ్తే బాస్టీల్ జైల్లో పెట్టారు. 1751లో నిర్దోషి అన్నారు, రెండేళ్ళకు పోయాడు.

చరిత్ర పుస్తకాల్లో కథ ఇక్కడితో ఆగుతుంది. ఇద్దరు దొరల తగాదా అంతే. కానీ కోటకు ఉత్తరాన గోడ పక్కనే ఒక ఊరుండేది. దొరలు బ్లాక్ టౌన్ అన్నారు. తెలుగు, తమిళ వర్తకులు, దుబాసీలు, నేత పనివాళ్ళు ఉండే పేట అది. కోటకు దగ్గరగా ఉన్న ఇళ్ళను పరాసులు కూలగొట్టారు. 1749లో పట్నం తిరిగి చేతికొచ్చాక మిగతావి ఇంగ్లీషువాళ్ళు పడగొట్టి, ఫిరంగులకు అడ్డు లేకుండా మైదానం చేశారు. అక్కడివాళ్ళు ముత్యాలపేటకు, పెద్దనాయకన్‌పేటకు సర్దుకున్నారు. ఇవాళ ఆ నేల మీద హైకోర్టు ఉంది.

సాన్ మాలో కూడా 1944 ఆగస్టులో కాలిపోయింది. గోడల లోపలి ఊరు చాలా మటుకు బూడిదయింది. ఆ తరవాత పాత పోలికలోనే మళ్ళీ రాతితో కట్టుకున్నారు. తెలియనివాడికి అంతా ఆనాటిదే అనిపిస్తుంది. ఆ వీధుల్లో తిరుగుతుంటే ముచ్చటేసింది, కొంచెం కడుపు మండింది కూడా. మన పేటకు కనీసం ఒక బొమ్మయినా మిగల్లేదే అని.

నిజానికి ఒకటి మిగిలింది. ఈ గీత దాటి కోట వైపు ఇళ్ళు కట్టరాదని ఇంగ్లీషువాళ్ళు నాటిన హద్దు స్తంభాల్లో ఒకటి ప్యారీస్ కార్నర్‌లో, డేర్ హౌస్ దగ్గర ఇంకా ఉంది. నేను నలభై ఏళ్ళుగా దాని పక్కనుంచే బస్సెక్కాను, ఒక్కసారీ ఆగలేదు. వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి అక్కడ ఉంటాను. పిల్లల్ని తీసుకుని రండి, కాఫీ నాది.