జేజి అడిగిన మాట

ఇంకో రెండు కందికట్టెలు ఎయ్యబ్బీ, మంట తగ్గతాంది. ఊఁ, ఇప్పుడు చెప్పమ్మీ, ఏందో అంటాంటివి. మీ హాస్టల్లో యోగా నేర్పే ఆయప్ప కండ్లు మూసుకోని "నేను ఈ దేహం కాదు" అనుకోమన్నాడా? మంచి మాటే. అయితే ఆ మాట చెప్పిన నోటితోనే రాత్రి తిండి మానుకోమన్నాడంటివే, ఆడనే నాకు మా జేజి గుర్తుకొచ్చె.

ఈ దేహం సంగతి మనూర్లో అక్షరం ముక్క రానోళ్ళు గూడా రాత్రిళ్ళు కూచోని మాట్లాడుకుంటాండ్రి. బ్రహ్మంగారి మఠం మనకు దగ్గర గదా. వైశాఖంలో ఆరాధనకు బండ్లు కట్టుకోని కందిమల్లాయపల్లెకు పోతాండ్రి. పోయొచ్చినోళ్ళు ఊరికే ఉంటారా? తంబుర, తాళాలు తీసుకోని మా ఇంటి ముందర అరుగు మీద చేరి తత్వాలు పాడతాండ్రి. వాండ్లకు పెద్ద బట్టలు కుట్టే దూదేకులాయన. బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య మా వాడే అని ఆయప్పకు మీసం మీద చెయ్యి. రంజాన్ నెల్లో పగలంతా ఒక్క పొద్దుండి గూడా రాత్రికి తంబుర భుజానేసుకోని వస్తాండె.

ఒకనాటి రాత్రి ఆయప్పే చెప్పినాడు కక్కయ్య కథ. బ్రహ్మంగారు సిద్దయ్యను ముందర కూచోబెట్టుకోని ఈ దేహంలోనే బ్రహ్మాండమంతా ఉందిరా అని బోధిస్తాండాడంట. మూలాధారంలో గణపతి, స్వాధిష్ఠానంలో బ్రహ్మ, మణిపూరకంలో విష్ణువు, అనాహతంలో రుద్రుడు, ఇట్ల కింది నుంచి పైదాకా ఆరు చక్రాలూ చెప్తాండాడు. చెప్పులు కుట్టే కక్కయ్య ఆ పక్కన నిలబడి అంతా విన్నాడు. విన్నోడు నేరుగా ఇంటికి పోయినాడు. పెండ్లాం నిద్రపోతాంది. తోలు కోసే కత్తి చేతిలోనే ఉండె. దేవుండ్లు యాడుండారో చూద్దామని ఆయమ్మను నిలువునా కోసినాడు. చూస్తే నెత్తురు, పేగులు తప్ప ఏమీ లేదు. నన్ను మోసం చేసినావని స్వామి మీదికి ఉరికొచ్చినాడంట. స్వామి వాని వెంట ఇంటికొచ్చి, ఏ చక్రం కాడ ఏ దేవుడుండాడో అన్నీ కనపరిచి, ఆయమ్మను మళ్ళా బతికించినాడు. ఆ పొద్దు నుంచి కక్కయ్య శిష్యుడాయె.

దూదేకులాయన కథ ముగించి మాకు అర్థం చెప్పినాడు. లోపలున్నోడు కత్తికి దొరికే వస్తువు కాదు, వాన్ని లోపలికి పోయి చూడాల్సిందే గానీ కోసి చూడలేము అన్నాడు. అందరూ తలకాయలూపిరి. మా జేజి వాకిట్లో కూచోని చెనిక్కాయలు ఒలుస్తాంది. తల ఎత్తకుండానే అడిగె: "అంతా కక్కయ్యకు జ్ఞానం వచ్చిన మాటే చెప్తిరి. నిద్ర లేచినాక ఆ యాడదానికి ఎట్లుండెనో అడిగినారా ఎవరన్నా?" తంబుర పట్టుకున్న చెయ్యి అట్లే నిలబడిపాయె. జేజి ఎప్పుడూ అంతే.

ఆయమ్మకు దేహం మీద మోజేమీ లేదు. మెడలో నల్లపూసల దారం తప్ప గురిగింజంత బంగారం ఎరగదు. "ఈ తోలుతిత్తి మనది కాదు నాయనా, తిరిగిచ్చేదే" అంటాండె. తిరిగిచ్చేదాన్ని చెడగొట్టకూడదని గూడా ఆయమ్మ లెక్క. ఆ లెక్కంతా సంగటి కాడ కనపడతాండె. కుండలో ఎసరు మరిగినాక పిడికెడు నూకలేసి మెత్తగ ఉడకనిచ్చేది. రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, తెడ్డు కాడతో నడిమిన ఒక బొక్క పెట్టి మూతేసేది. ఇంగ కలపగూడదు. ఆకలికి ఓర్చుకోలేక నేను తెడ్డు ముట్టుకుంటే ఏటు పడేది. ఆవిరి ఆ బొక్కలోంచి పైకొచ్చి, పిండి పచ్చివాసన పోయి, కమ్మని వాసన రావాల. అప్పుడు కుండను దించి, రెండు పాదాల నడుమ గోనెపట్టతో అదిమి పట్టి, నడుం వంచి గెలికేది. ఉండ లేకుండా వచ్చినాక తడి చేత్తో ముద్దలు. దాంట్లోకి ఊరుబిండి, లేకుంటే గోంగాకు పుల్లగూర. ముద్ద నమలకుండా జారిపోవాలంటారు గానీ, మా జేజి నమిలే తినమనేది. కడుపుకు పండ్లుండవు గదా అని.

రాత్రి మిగిలిన ముద్ద నీళ్ళల్లో ఏసిపెట్టి, తెల్లారి మజ్జిగ, ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయ. అదే సద్ది. దాని మీదొక తగాదా జరిగె. యాడినుంచో ఒక అయ్యవారు వచ్చి గుడికాడ గీత చెప్తాండె. పదిహేడో అధ్యాయం, మూడు రకాల తిండి. ఆయుష్షు, బలం, మనసుకు తృప్తి ఇచ్చే రసవంతమైన తిండి సాత్వికం. మరీ కారం, పులుపు, ఉప్పు, మంటెక్కించే వేడి అయితే రాజసం. జాము దాటింది, రాత్రిది, వాసనొచ్చింది తామసం అన్నాడు. మా జేజి లేచి నిలబడె. "సోమీ, మా సద్ది రాత్రిదే. అది తాగే మా ఇంటాయన మధ్యాన్నం దాకా మడక పట్టేది. ఆ మడక కదలకుంటే నీ సాత్వికం యాన్నుంచొస్తాది?" జనం నవ్విరి.

అయ్యవారు మంచోడు, కోపం చేసుకోలేదు. ఇంకో కథ ఎత్తుకునె. తైత్తిరీయం అనే ఉపనిషత్తులో భృగువనే పిల్లోడు తన నాయన వరుణుని దగ్గరికి పోయి బ్రహ్మమంటే ఏందని అడిగినాడంట. తపస్సు చేసి నువ్వే తెలుసుకోపొమ్మన్నాడు ఆయన. పిల్లోనికి మొట్టమొదట తెలిసింది అన్నమే బ్రహ్మమని. వాడు మళ్ళా మళ్ళా తపస్సుకు కూచుంటే ప్రాణం, మనసు, విజ్ఞానం, కడాకు ఆనందం తెలిసె. అంత పైకి పోయినాక చెప్పిన వ్రతాలేంటివంటే, అన్నాన్ని నిందించొద్దు, పారెయ్యొద్దు, ఎక్కువ పండించు, ఇంటికొచ్చినోన్ని లేదని పంపొద్దు. "ఈ మాట ముందే చెప్పుంటే నేను లేసేదాన్నే కాదు" అని మా జేజి కూచునె.

ఉపాసాలు మితిమీరినోడు గూడా మనూర్లో ఒకడుండె. గడ్డం పెంచి, రోజుకు గుప్పెడు శనగలు తిని, జ్ఞానం వచ్చిందనుకునె. వచ్చింది కోపం. పెండ్లాం పిల్లోళ్ళు వాని కంటబడడానికి భయపడతాండ్రి. ఎక్కువ తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం కుదరదని గీతలోనే ఉంది గదా. యోగం చేసేటోళ్ళ లెక్క ఏందంటే సగం కడుపు అన్నానికి, పావు నీళ్ళకు, పావు గాలి ఆడేదానికి. మా జేజికి ఇవేమీ తెలీవు. ఇంకొక ముద్ద పడుతుందన్నప్పుడే చెయ్యి కడుక్కునేది.

వరన్నం అప్పుడు పండగ తిండి. 1983లో రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినాక ఇంటింటికీ వచ్చె. తప్పు పట్టను లే, ఆకలి చూసినోళ్ళకు అదెంత మేలో మీకు తెలీదు. కాకపోతే కొర్రలు, ఆరికెలు, సామలు విత్తడం మెల్లగ మానిరి. ఇప్పుడవే కొర్రలు మీ టౌన్లో ప్యాకెట్ కట్టి బియ్యం కంటే ఎక్కువకు అమ్ముతాండారు, నువ్వే తెచ్చిస్తివి మొన్న.

సిద్దయ్య కథ చెప్పి వదిలిపెడతా. 1693లో వైశాఖ శుద్ధ దశమి అంటారు, బ్రహ్మంగారు సజీవ సమాధి కావాలనుకునె. సిద్దయ్య ఎదురుగా ఉంటే తట్టుకోలేడని పూలు తెమ్మని బనగానపల్లెకు పంపినాడు. పూలు తీసుకోని వచ్చేతలికి అంతా అయిపోయింది. సమాధి మీద పడి ఏడ్చినాడు, ప్రాణం తీసుకుంటానన్నాడు. అప్పుడు స్వామి పలికి, దండం, పాదుకలు, ఉంగరం ఇచ్చినాడంట. ఈ కథ వచ్చిందంటే అరుగు మీద తెల్లార్లూ వాదనే. అన్ని చక్రాలు తెలిసిన సిద్దయ్య దేహం పోయిందని ఏడ్చేదేంది అంటాడొకడు. గురువు మాత్రం దేహం వదిలి, చేతికి కట్టె, కాళ్ళకు పాదుకలు ఇచ్చినాడే, అవి దేహానికి గాక దేనికి అంటాడు ఇంకొకడు. దూదేకులాయన ఏ పక్కా చెప్పడు. తంబుర తీగ సవరించుకుంటా కూచుంటాడు.

మా జేజికి ఆ వాదన పట్టదు. "అన్నీ సరే గానీ, అంత దూరం నడిచిపోయి నడిచొచ్చినోడు. ఆ పొద్దు వానికి ఎవరన్నా ఇంత సంగటి పెట్టినారా లేదా? ఆ మాట కథలో యాడుందో చూసి చెప్పండి" అంటాండె.