దూరం నుంచి నబ్జ్ పట్టడం: బండి రిపేరు మష్వరాకు ఒక చిన్న తారీఖ్



ఈసారి నేను రాసే తారీఖ్ బాద్‌షాలదీ కాదు, జంగులదీ కాదు. మన ఇళ్ళ ముందు నిలబడే కార్లది. ఇంకా సాఫ్‌గా చెప్పాలంటే, ఆ కారు ఖరాబైనప్పుడు ఎక్కడో దూరాన ఉన్న మనిషికి ఫోన్ చేసి "భాయ్, ఇప్పుడేం చేయమంటారు?" అని అడుగుతామే, ఆ మాటది.

మా దువ్వాడలో ఈ సవాల్ రోజూ ఎవరో ఒకరి ఇంట్లో పుడుతూనే ఉంటుంది. ఒక పక్క స్టీల్ ప్లాంట్, ఒక పక్క ఎస్ఈజడ్, మధ్యలో రైల్వే స్టేషన్. విశాఖ స్టేషన్‌లోకి వెళ్ళకుండానే సాగిపోయే రైళ్ళు చాలా ఇక్కడే ఆగుతాయి. అందుకని రాత్రి రెండింటికీ కార్లు కావాలి, తెల్లవారుజామున షిఫ్టుకూ కార్లు కావాలి. ఆ కార్లు నడిపేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది. అదే ఖాందాన్‌లో ఒక మామూనో, ఒక చాచానో దమ్మామ్‌లోనో షార్జాలోనో గ్యారేజీలో పనిచేస్తుంటారు. కారేమో ఇక్కడ, దాని మిజాజ్ తెలిసినవాడేమో అక్కడ! ఈ రెండింటి మధ్య దూరాన్ని భరోసాతో దాటడమెలా అన్నదే అసలు సంగతి.

ఈ సవాల్ మోటార్ల కంటే చాలా పాతది. 1206లో, ఇప్పటి తుర్కియాలోని దియార్‌బకర్‌లో, అర్తూఖీ దర్బారులో పనిచేసే ఇస్మాయిల్ అల్ జజరీ తన యంత్రాల కితాబు పూర్తి చేశాడు. నీటి గడియారాలు, నీళ్ళు తోడే యంత్రాలు, ఫవ్వారాలు, అన్నీ కలిపి 50. ఆ కాలంలో కారీగర్లు తమ హునర్‌ను కొడుక్కో షాగిర్ద్‌కో తప్ప చెప్పేవారు కాదు. ఈయన మాత్రం నక్షాలు గీసి, ముక్కముక్కకూ ఒక అక్షరం గుర్తు పెట్టి, దేన్ని దేనికి ఎలా బిగించాలో రాశాడు. తనను ఎన్నడూ చూడని మనిషి కూడా చదివి చేసుకోగలగాలని. 1976లో లండన్ సైన్స్ మ్యూజియంలో ఆ కితాబు ఆధారంగా ఆయన నీటి గడియారాన్ని మళ్ళీ తయారుచేస్తే అది నడిచింది. అంటే 770 ఏళ్ళ దూరం నుంచి ఇచ్చిన మష్వరా సరిగ్గా పనిచేసిందన్నమాట. ఎందుకు పనిచేసింది? తన చేత్తో చేసినదాన్ని, వరస తప్పకుండా, ఎదుటివాడు చూసి సరిపోల్చుకునేలా చెప్పాడు గనుక.

మోటారు కాలంలో ఇదే పని చేసినవాడు జాన్ హేన్స్ అనే ఇంగ్లీషాయన. 1960లలో బ్రిటన్ వైమానిక దళం తరఫున అదన్‌లో, అంటే మన పెద్దలు ఓడలెక్కి హజ్‌కు వెళ్ళే దారిలో తగిలే ఆ రేవులోనే, ఉద్యోగం చేస్తుండేవాడు. ఒక దోస్త్ కొన్న ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారు ఖస్తా హాలత్‌లో ఉంటే, దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించాడు. ఒక్కో దశలో ఫొటో తీసుకుంటూ పోయాడు. కంపెనీ పుస్తకాలు ట్రైనింగ్ అయిన మెకానిక్కుల కోసం రాసినవి, మామూలు మనిషికి అవి పనికిరావని అక్కడే తెలిసింది. 1966లో వచ్చిన ఆయన మొదటి మాన్యువల్ 3,000 కాపీలు మూడు నెలలు తిరక్కుండానే అయిపోయాయి. ఆ తర్వాత వచ్చిన హేన్స్ మాన్యువల్స్ అన్నింటికీ బునియాద్ ఒక్కటే: కారును నిజంగా విప్పకుండా దాని గురించి రాయకూడదు.

మన దేశంలో అంత కితాబుల అవసరం చాలా కాలం రాలేదు. కార్లే రెండు మూడు రకాలు కదా! మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్తాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టిన అంబాసిడర్ 2014 దాకా తయారైంది. ఇంజన్లు మారినా ఒళ్ళు పెద్దగా మారలేదు. ఒక ఉస్తాద్ దగ్గర పదేళ్ళు పానాలు అందించిన షాగిర్ద్‌కు ఆ బండి అణువణువూ తెలిసిపోయేది. ఇల్మ్ అంతా చేతుల్లోనూ చెవుల్లోనూ ఉండేది, కాగితం మీద కాదు.

మా అబ్బా నడిపింది ఆ అంబాసిడరే, ట్యాక్సీ కింద. గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్కులున్నా, ఇంజన్ మాటకొస్తే ఆయన గురి విజయవాడ ఆటోనగర్‌లోని ఒక ఉస్తాద్ మీదే. ఎస్టీడీ ఫోన్ ఈ దేశానికి 1960లో కాన్పూర్, లక్నోల మధ్య వచ్చినా, మనలాంటివాళ్ళకు అందింది మాత్రం 1980ల చివర్లో పసుపు బోర్డుల బూత్‌లు వీధివీధికీ వచ్చాకే. అబ్బా కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఒక బూత్‌కు వెళ్ళేవారు. రాత్రి పొద్దుపోతే రేటు తగ్గుతుంది కాబట్టి ఇషా నమాజ్ అయ్యాకే వెళ్ళేవారు.

ఆ బూత్‌లో ఎర్ర అంకెల మీటర్ తిరుగుతూ ఉంటుంది. అందుకని వెళ్ళేముందే ఒక చీటీ మీద రాసుకునేవారు. పొగ ఏ రంగు? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఘాట్ ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఈ మధ్య ఏ పార్టు మార్చాం? ఉస్తాద్ అడిగేవి కూడా అవే. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ తాగుతోంది. ఇంజన్ వేడెక్కినా తెల్ల పొగ ఆగకపోతే, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే, హెడ్ గాస్కెట్ మీద అనుమానం. పాత హకీంలు నబ్జ్ పట్టి, నాలుక చూసి, నిద్రా ఆకలీ అడిగి మర్జ్ తెలుసుకున్నట్టే. తేడా ఒక్కటే, ఇక్కడ నబ్జ్ పట్టే చెయ్యి అబ్బాది, అర్థం చెప్పే బుద్ధి ఉస్తాద్‌ది.

నాకిప్పుడు అనిపిస్తుంది, ఆ మీటర్ పెద్ద ఉస్తాద్ అని. నిమిషానికి పైసలు పోతుంటే అడిగేవాడు సోచాయించి అడుగుతాడు, చెప్పేవాడు తూచి చెబుతాడు. మాట ఉచితమయ్యాక ఆ అదబ్ తగ్గింది.

సముద్రాల అవతల కూడా సరిగ్గా ఇదే నడిచింది. అమెరికాలో బోస్టన్ నగరంలో టామ్, రే మాగ్లియోజీ అనే అన్నదమ్ములు 1977లో రేడియోలో కార్ల మీద ఒక ప్రోగ్రాం మొదలుపెట్టారు. పేరు కార్ టాక్. 1987 నుంచి దేశమంతా వినిపించింది, 2012 దాకా నడిచింది. జనం ఫోన్ చేసి తమ కారు చేసే చప్పుడును నోటితో చేసి వినిపించేవారు. అన్నదమ్ములు నవ్వుకుంటూ, నవ్విస్తూ సవాళ్ళ మీద సవాళ్ళు వేసి చివరికి ఒక అందాజా చెప్పేవారు. అందులో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. కొన్నాళ్ళ కింద మష్వరా తీసుకున్న మనిషిని మళ్ళీ పిలిచి, మేం చెప్పింది నిజమైందా, గలత్ అయిందా అని అందరూ వింటుండగానే అడిగేవారు. తప్పైతే ఒప్పుకునేవారు. దూరం నుంచి చెప్పేవాడి మీద ఇత్మినాన్ కలిగేది అక్కడే. మాట చెప్పి మాయమైపోయేవాడు వేరు, నతీజా కోసం మళ్ళీ వచ్చేవాడు వేరు.

ఆ తర్వాత కారే మాట్లాడటం మొదలుపెట్టింది. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారులోనూ ఓబీడీ-2 అనే ఏర్పాటు తప్పనిసరి అయింది. మన దగ్గర 2000 చుట్టుపక్కల కార్బ్యురేటర్ పోయి ఇంజెక్టర్లు, కంప్యూటర్ వచ్చాయి. 2010ల నుంచి ఓబీడీ మామూలైంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 అమలయ్యాక ఒక్కో కారులో సెన్సర్లు ఇంకా పెరిగాయి. స్టీరింగ్ కింద ఉండే చిన్న సాకెట్‌లో స్కానర్ పెడితే ఒక కోడ్ వస్తుంది. పీ0300 అంటే ఇంజన్ ఎక్కడెక్కడో మిస్సింగ్ కొడుతోంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో. పీ0303 అంటే మూడోదాంట్లో. దువ్వాడలో వచ్చిన కోడ్‌కు దమ్మామ్‌లోనూ అదే మాయనా.

ఇక్కడే ఒక ధోకా కూడా ఉంది. కోడ్ గవాహీ మాత్రమే, ఫైసలా కాదు. పీ0420 వస్తే "కాటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చాలి" అనేస్తారు. సైలెన్సర్ పైపు లీకైనా, ఆక్సిజన్ సెన్సర్ ఖరాబైనా అదే కోడ్ రావచ్చు. గవాహీ విని, తహ్‌కీఖ్ చేయకుండా సజా వేస్తే ఏమవుతుంది? నిర్దోషి పార్టు బయటికి పోతుంది, మన జేబు ఖాళీ అవుతుంది.

మా దూల్హాభాయ్ సంగతి చెబుతాను. ఎస్ఈజడ్ ఉద్యోగులను షిఫ్టులకు తిప్పే కాంట్రాక్టులో ఆయన కారు నడుస్తోంది. ఒకరోజు ఇంజన్ మిస్సింగ్ మొదలై, ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంది. హైవే మీద ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే, ఇంజెక్టర్లు నాలుగూ, కన్వర్టరూ మార్చాలి, 48 వేలు అన్నారు. ఆ నెల ఈఎంఐ ఇంకా కట్టలేదు. మూడు రోజులు కారు రాకపోతే కాంట్రాక్టర్ ఇంకో కారు పెట్టేసుకుంటాడు. ఆపా తన గాజులు తీసి బల్ల మీద పెట్టింది.

మా మామూ దమ్మామ్ గ్యారేజీలో ఇరవై ఏళ్ళుగా ఉన్నారు. వాయిస్ మెసేజ్ పెట్టారు: "బేటా, లైటు మెరుస్తుంటే కారు తిప్పకు. కాలని పెట్రోల్ వెళ్ళి కన్వర్టర్‌ను నిజంగానే పాడుచేస్తుంది. ముందు కోడ్ ఏమిటో చూపించు. పైసలు ఎవరికీ ఇవ్వకు." స్పేర్ పార్టుల షాపు కుర్రాడి దగ్గర చిన్న బ్లూటూత్ స్కానర్ ఉంది. పీ0301 వచ్చింది. మామూ రెండో మెసేజ్: "ఒకటో సిలిండర్ కాయిల్ తీసి మూడోదాని మీద పెట్టు, మూడోది ఒకటోదాని మీద. కోడ్ చెరిపి ఇంజన్ స్టార్ట్ చేయి. మిస్సింగ్ మూడోదానికి మారితే కాయిల్‌దే కుసూర్. మారకపోతే ప్లగ్గులు అలాగే మార్చి చూడు. అప్పటికీ మారకపోతే ఇక్కడి నుంచి నేను చెప్పలేను, కంప్రెషన్ చూపించాలి."

కోడ్ పీ0303కు మారింది. ఒక్క కాయిల్ కొన్నారు. మర్నాడు రాత్రి షిఫ్టుకు కారు వెళ్ళింది. ఆపా గాజులు మళ్ళీ చేతికెక్కాయి. వారం తర్వాత మామూ మళ్ళీ ఫోన్ చేశారు, లైటు మళ్ళీ వచ్చిందా అని కనుక్కోవడానికి.

ఆ వర్క్‌షాప్‌వాళ్ళ నీయత్ చెడ్డదని నేననను. పరీక్షించడానికి వక్త్ పడుతుంది, పార్టు మార్చడం సులువు, బిల్లు కూడా పార్టు మీదే వస్తుంది. మామూకు ఆ కాయిల్ అమ్ముడైనా, కాకపోయినా ఫాయిదా లేదు. అది పెద్ద తేడా. అయితే ఆయన మాటకు విలువ వచ్చింది కేవలం మనవాడు కావడం వల్ల కాదు. ఆయన చెప్పిన ప్రతి మాటనూ ఇక్కడ పైసా ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు. ఎక్కడ తన ఇల్మ్ ఆగిపోతుందో కూడా ముందే చెప్పారు.

2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా కారుచౌక అయింది. ఇప్పుడు ప్రతి ఖాందాన్ గ్రూప్‌లోనూ పదిమంది ఉస్తాద్‌లు! ఎవరి కారుకో పనిచేసిన ఇలాజ్‌ను అందరి కార్లకూ ఫార్వర్డ్ చేసేస్తున్నారు. చెప్పేవాడి చేతికి గ్రీజు అంటదు, నుక్సాన్ అయితే ఆయనది కాదు. అందుకే మామూ ఒక ఉసూల్ పెట్టుకున్నారు. బ్రేకులు, స్టీరింగ్, పెట్రోల్ వాసన, ఎయిర్‌బ్యాగ్ లైటు, వీటి గురించి ఎవరడిగినా ఒకటే జవాబు: "బండి కదపకు, దగ్గర్లో ఉన్న మంచి మెకానిక్కును ఇంటికి పిలిపించు." యారాడ కొండ దారిలో బ్రేకు తగ్గిన కారుకు దమ్మామ్ నుంచి ఇలాజ్ చెప్పడం ధైర్యం కాదు, జులుం.

ఇల్మ్ కొందరి తిజోరీలోనే ఉండాలా అన్న జగడం కూడా ఈ తారీఖ్‌లో భాగమే. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర జనం వోటు వేసి, కంపెనీలు రిపేరు సమాచారాన్ని బయటి గ్యారేజీలకూ ఇవ్వాలని తీర్పిచ్చారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినం రోజున, రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. అందులో కార్ల రంగం కూడా ఉంది. డబ్బు తీసుకుని చేసిన రిపేరు 1986 చట్టం నుంచీ వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవే. అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. బిల్లూ, విప్పిన పాత పార్టూ అడిగి తీసుకోండి, అవే మీ సబూత్.

మన ఇళ్ళలో పెద్దలు మష్వరాను అమానత్ అంటారు. దాచిన సొమ్ములాగే దాన్ని కూడా పూర్తిగా, కల్తీ లేకుండా అప్పజెప్పాలి. అడిగేవాడికీ జిమ్మేదారీ ఉంది: చప్పుడు రికార్డు చేసి, పొగ రంగు చూసి, కోడ్ తీసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెప్పేవాడు ముందు అడగాలి, తర్వాత చెప్పాలి. తన మాటను పరీక్షించే తరీఖా కూడా చెప్పాలి. తెలియనిచోట తెలియదనాలి. తర్వాత ఏమైందో కనుక్కోవాలి. మీ ఖాందాన్ గ్రూప్‌లో ఇలాంటి మామూ ఒక్కరున్నా ఆయన్ను కదర్ చేసుకోండి. ఆయన మష్వరా పనిచేస్తే ఒక మెసేజ్ పెట్టండి, పనిచేయకపోయినా పెట్టండి. రేపు ఇంకొకరికి చెప్పేటప్పుడు ఆయనకు అదే తజుర్బా.

ఖుదా హాఫిజ్.