షవరుకూ పూడిక తీయాలి

పూడిక తీయడానికి 2024 చివరలో భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు వరంగల్ వాసులు గట్టు మీద నిలబడి చూశారు. గొలుసుకట్టు చెరువుల నడుమ పెరిగిన మనకు పూడిక అంటే ఏమిటో ఎవరూ చెప్పనవసరం లేదు. నీటితో పాటు వచ్చిన మట్టిని అప్పుడప్పుడు ఎత్తిపోయకపోతే చెరువు పేరుకే మిగులుతుందని కాకతీయుల నాటి నుంచి ఇక్కడి రైతుకు తెలుసు. అయితే మన స్నానాల గదిలో, మన నెత్తి మీదే, గుప్పెడంత జలాశయం ఒకటి వేలాడుతున్నది. దానికి పూడిక తీసినవారు మీలో ఎందరు?

నేనూ తీయలేదు. క్యాన్సర్‌కు కీమోథెరపీ పొందుతున్న మా అన్నయ్య విశ్రాంతి కోసం హనుమకొండలోని మా ఇంటికి వస్తున్నారని తెలిసి, ఆరు నెలలుగా మూసి ఉన్న మేడ మీది గదిని తెరిపించాను. ఎందుకో షవరు జల్లెడను తిప్పి ఊడదీశాను. బయట తెల్లని సున్నపు పొర. లోపల వేలికి జారే గోధుమరంగు జిగురు. ముప్పై ఏళ్ళకు పైగా ఊపిరితిత్తుల చప్పుడు విన్నవాణ్ణి. ఆ వస్తువు లోపలి భాగాన్ని చూడడం అదే మొదలు.

షవరు మనకు ఇటీవలి చుట్టం. 1767లో విలియం ఫీథమ్ అనే ఇంగ్లీషు పొయ్యిల తయారీదారు చేతిపంపుతో నడిచే షవరుకు పేటెంటు పొందాడు. అందులో ఒకసారి ఒంటి మీద పడిన నీరే మళ్ళీ పైకెక్కి పడేది! దీన్ని ప్రజారోగ్య సాధనంగా మార్చినవాడు మాత్రం ఒక వైద్యుడు. 1870ల తొలినాళ్ళలో ఫ్రాన్సులోని రువాన్ నగర కారాగారంలో వైద్యుడుగా ఉన్న మెర్రీ డెలబోస్ట్, తక్కువ నీటితో, తక్కువ సమయంలో ఖైదీలందరికీ స్నానం చేయించడానికి తలపై నుంచి జల్లు పడే ఏర్పాటు చేశాడు. సైనిక శిబిరాలూ ఆ పద్ధతిని అందుకున్నాయి. శుభ్రత కోసం పుట్టిన ఈ సాధనాన్నే శుభ్రం చేయవలసి ఉంటుందన్న ఊహ ఆనాడు ఎవరికీ రాలేదు.

మన ఇళ్ళలో అంతకు ముందున్నది చేదబావి, రాగి కాగు, గంగాళం, చెంబు. రాత్రి మిగిలిన నీటిని చెట్లకు పోసి, తెల్లవారగానే చింతపండుతో తోమి కొత్త నీరు నింపేవారు. మా అమ్మ గంగాళం లోపలి అంచును వేలితో తడిమి చూసేది. జిగురు తగిలితే మళ్ళీ తోమించేది. ఆమెకు సూక్ష్మజీవశాస్త్రం తెలియదు. పాత్ర లోపలి భాగం కంటికి కనబడేది, చేతికి అందేది, అంతే. కుళాయి గొట్టం వచ్చాక ఆ లోపలి భాగం మన చూపు నుంచి తప్పుకున్నది.

అక్కడ ఏముంటుందో లోకానికి తెలిసిన తీరు విషాదకరమైనది. 1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సంఘం సమావేశం ఒక హోటల్లో జరిగింది. ఇళ్ళకు చేరిన కొద్ది రోజులకే వారు న్యుమోనియాతో పడిపోసాగారు. మొత్తం 200 మందికి పైగా జబ్బుపడగా, 34 మంది మరణించారు. నెలల తరబడి కారణం దొరకలేదు. 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త ఆ బ్యాక్టీరియాను గుర్తించాడు. ఆ సంఘం పేరు మీదనే దానికి లెజియోనెల్లా అని పేరు పెట్టారు. అప్పుడు అనుమానం ఏసీ యంత్రాల నీటి మీదికి పోయింది. మరి షవరు? 1980లో ఇంగ్లాండులో అవయవమార్పిడి రోగుల విభాగంలో ఇదే జబ్బు కనిపించినప్పుడు, ఆ క్రిమి అక్కడి షవరు నీటిలోనే దొరికింది. ఆ రోగులకు రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించి ఉంటారు. మా అన్నయ్య పరిస్థితీ అటువంటిదే. జల్లెడ చేతిలో పట్టుకుని నేను తలచుకున్నది ఆ విభాగాన్నే.

2009లో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన నార్మన్ పేస్ బృందం అమెరికాలోని తొమ్మిది నగరాల నుంచి 45 షవరు జల్లెడలను పరీక్షించింది. క్షయ క్రిమికి దూరపు బంధువు అనదగిన మైకోబాక్టీరియం ఏవియం వంటి జీవులు, సరఫరా నీటిలో కంటే ఆ జిగురులో ఎన్నో రెట్లు అధికంగా కనిపించాయి.

భయపడకండి. ఆరోగ్యవంతులలో అత్యధికులకు ఇది హాని చేయదు. లెజియోనెల్లా సాధారణంగా ఒకరి నుంచి మరొకరికి సోకదు. ఆ నీటి తుంపరను పీల్చినప్పుడే ప్రమాదం. అదీ ముఖ్యంగా వృద్ధులకు, పొగతాగేవారికి, దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి, స్టెరాయిడ్లు లేదా కీమోథెరపీ పొందుతున్నవారికి. అయితే మన ఊరి పరిస్థితులు ఆ క్రిమికి అనుకూలమేనని గుర్తించాలి. అది 25 నుంచి 45 డిగ్రీల వేడిలో బాగా పెరుగుతుంది. ఓరుగల్లు ఎండకు మేడ మీది నల్లని ట్యాంకులో నీరు ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. పైగా రాతినేల బోరు నీటిలో సున్నం ఎక్కువ. అది గరుకుగా పేరుకుని జిగురుకు పట్టు ఇస్తుంది.

కాబట్టి మూడు నెలలకోసారి జల్లెడను విప్పండి. సగం వెనిగర్, సగం నీరు కలిపి అందులో నానబెట్టండి. నిమ్మఉప్పు కలిపిన నీరైనా సరే. అమ్మ వాడిన చింతపండు చేసే పనీ ఇదే, పులుపు సున్నాన్ని కరిగిస్తుంది. మెరుగుపూత ఉన్నవాటిని అరగంట మించి ఉంచవద్దు, పూత చెడుతుంది. ఊడిరాకపోతే, ఆ ద్రవాన్ని ప్లాస్టిక్ సంచిలో పోసి జల్లెడ మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టండి. తరువాత పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, రంధ్రాలను గుండుసూదితో పొడిచి, బాగా కడగండి. ఒక్క హెచ్చరిక: వెనిగర్‌తో బ్లీచింగ్‌ను ఎన్నడూ కలపవద్దు. వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది.

ఊరి నుంచి తిరిగి వచ్చిన రోజున జల్లెడకు తడిగుడ్డ చుట్టి, తుంపర లేవకుండా, వేడినీటినీ చన్నీటినీ కొన్ని నిమిషాలు వదలండి. ఇంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవారుంటే వైద్యుని అడగండి.

అన్నయ్యకు మేము కొత్త జల్లెడే బిగించాం. ఆయన మాత్రం ఉన్నన్నాళ్ళూ బకెట్టు, చెంబే అడిగారు. అదే నయమని నేనూ ఊరుకున్నాను.